ఆ రాత్రికి దాన్ని ముట్టుకోవద్దు

పనిబల్ల దగ్గర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్లాస్టిక్ బొమ్మ విమానాలు చేసేవాళ్ళ ఉత్తరాలు చదువుతుంటే మా ఇంటి అటక మీది అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. ఎట్లా అంటించాలి, ఏ రంగు కొనాలి అని అడిగినవాళ్ళు తక్కువ. 'పాడైపోయింది, ఇక చేయబుద్ధి కావడం లేదు' అని రాసినవాళ్ళే ఎక్కువ. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. నేను తిరుపతిలో రైలు పెట్టెలకు రంగులు వేసే పని చేసి రిటైరైనవాణ్ణి. పగలంతా 20 మీటర్లు దాటిన పెట్టెలకు పుట్టీ పెట్టడం, రాత్రయితే అరచేతిలో ఇమిడే విమానాలకు పుట్టీ పెట్టడం, ఇదీ నా జీవితం.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. చిత్తూరులో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా నాయన వైమానిక దళంలో మిగ్-21ల దగ్గర టెక్నీషియన్‌గా చేసి వచ్చారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆ విమానాలకు వీడ్కోలు చెబుతుంటే ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. సంక్రాంతికి ఆయన చేతిలో పెడదామని 1/72 (అసలు విమానంలో 72వ వంతు కొలత) మిగ్-21 కిట్, అంటే ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ, తెప్పించాను. రెండు నెలలు కష్టపడ్డాను, రంగు కూడా బాగా వచ్చింది. చివర్లో కాక్‌పిట్ అద్దం సూపర్ గ్లూతో అంటించి పడుకున్నాను. పొద్దున చూస్తే అద్దం లోపలంతా పొగ పట్టినట్టు తెల్లగా అయిపోయింది. ఊడదీయబోతే అంచు చిట్లింది, ముక్కు ముందుండే సూదిలాంటి గొట్టం కూడా విరిగింది. అట్టపెట్టెలో వేసి బీరువా పైన పడేశాను. ఆరు నెలలైంది. వేరే కిట్ మొదలుపెట్టినా గంటకే విసుగొస్తోంది. ఈ పని నాకు చేతకాదేమో. నాయన మాత్రం 'ఏమైందిరా ఇమానం?' అని అడుగుతానే ఉన్నారు.
(పేరు రాయవద్దన్నారు, చిత్తూరు)

జవాబు: తమ్ముడూ, మీ మిగ్ సంగతి చూసేముందు నా నాట్ విమానం సంగతి వినండి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన పాకిస్తాన్ సేబర్ జెట్లకు ఎదురువెళ్ళి ప్రాణాలిచ్చిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది నాట్ విమానమే. వైమానిక దళంలో పరమవీర చక్ర వచ్చింది ఆయన ఒక్కరికే. ఆ విమానం చేయాలని నాకు ఎన్నాళ్ళ కోరికో. చివరికి బొంబాయిలో ఉండే మా బావమరిది సెలవులకు వస్తూ కిట్ తెచ్చాడు.

మా చిన్నమ్మాయి ఒకటో తరగతి చదివే రోజులు. ఎండాకాలం. పోయిన కరెంటు రాత్రి పదకొండుకు వచ్చింది. బుద్ధిగా పడుకోకుండా బల్ల దగ్గర కూర్చున్నా. రెక్కను ఎడమ బొటనవేలితో ఒత్తిపట్టి, అతుకు వెంబడి పల్చటి సిమెంటును బ్రష్‌తో ఆనించాను. మన పనిలో సిమెంటు అంటే జిగురు కాదని మీకు తెలుసు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసే ద్రావకం అది. సందు దొరికితే చాలు, పాక్కుంటూ పోతుంది. అట్లా పాకి నా బొటనవేలి కిందికి పోయింది. వేలు తీసి చూస్తే రెక్క మీద నా వేలిముద్ర! స్టాంపు ప్యాడ్ మీద అద్ది వేసినా అంత స్పష్టంగా పడదు.

అప్పుడు చేయాల్సింది ఏమీ లేదు, ఊరికే ఉండాలి. నేనేమో 400 నంబరు వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నన) తీసి రుద్దడం మొదలుపెట్టా. ప్లాస్టిక్ ఇంకా మెత్తగానే ఉంది కదా, వేలిముద్ర పోకపోగా బంకలాగా పేపరుకు చుట్టుకుంది. ఇంకా గట్టిగా రుద్దితే రెక్క మీది ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల్ని చూపే గీతలు) చెరిగిపోయాయి. ఆ ఒత్తిడికి రెక్క ఊడొచ్చింది. ఇక సిమెంటుతో లాభం లేదని సూపర్ గ్లూ పూసి ఒత్తితే వంకరగా అతుక్కుంది. రెండు గంటలకు మా ఆవిడ నీళ్ళు తాగడానికి లేచి వచ్చేసరికి ఒక తప్పు కాస్తా నాలుగై కూర్చుంది. నా చూపుడువేలు విమానం తోకకు అతుక్కుని ఉంది.

ఆ వేలిముద్రను రెండు రోజులు ముట్టుకోకుండా వదిలి ఉంటే ప్లాస్టిక్ గట్టిపడేది. తర్వాత 800తో, ఆ పైన 1200తో నీళ్ళతో తడిపి రుద్దితే పది నిమిషాల పని. నాకు తెలియక కాదు. వర్క్‌షాపులో పుట్టీ పూర్తిగా ఆరకముందే ఎవరైనా పేపర్ పడితే మా చార్జ్‌మన్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేవాడు. పుట్టీ పైన ఎండినట్టే ఉంటుంది, లోపల ఇంకా కుంగుతూనే ఉంటుంది. తొందరపడి చదును చేసి రంగు కొడితే నాలుగు రోజులకు అక్కడ పల్లం తేలుతుంది. ఈ సంగతి పగలు పదిమందికి చెప్పేవాణ్ణి, రాత్రి నా బల్ల దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. తప్పు జరిగినప్పుడు సిగ్గేస్తుంది. పొద్దున ఎవరి కంటా పడకముందే దాన్ని మాయం చేసేయాలనిపిస్తుంది. చేయి ఆగదు.

అప్పటి నుంచి నాదొక కట్టుబాటు. తప్పు జరిగిన రాత్రి దాన్ని సరిచేయను. లైటు ఆర్పేసి లేస్తాను. మీరు తెల్లబడిన అద్దాన్ని చూసీ చూడగానే ఊడదీయబోయారు. సూపర్ గ్లూ చేసిన నష్టం ఒక్కటే. అంచు చిట్లడం, సూది విరగడం ఆ పొద్దుటి కంగారు ఖాతాలో రాసుకోండి. మీరు అకౌంట్స్ మనిషే కదా.

అయితే ఈ కట్టుబాటులో ఇంకో సగం ఉంది. అది తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ రాత్రి తర్వాత నాట్‌ను పెట్టెలో వేసి తాడు కట్టి అటక మీద పెట్టా. మీ బీరువా పైది, నా అటక మీది, రెండూ ఒకటే. పెట్టె మూసి ఉన్నంతకాలం అందులో ఉన్న తప్పు పెరుగుతూ పోతుంది. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఆ పెట్టె తగిలితే చాలు, ఆ పూట బల్ల దగ్గరికి పోబుద్ధయ్యేది కాదు. నాలుగేళ్ళకు ఇల్లు మారేటప్పుడు విప్పి చూశా. నా మనసులో అది పూర్తిగా నాశనమైన విమానం. చేతిలో చూస్తే ఒక వంకర రెక్క, అరిగిపోయిన ఏడెనిమిది గీతలు. సరిచేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది, అంతే. మూడు సాయంత్రాల పనికి నాలుగేళ్ళు భయపడ్డా. అందుకని ఒక రాత్రి దాటనిస్తా, ఒక వారం మాత్రం దాటనివ్వను. వారంలోపు దాన్ని బల్ల మీదికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తా. బాగుచేయకపోయినా సరే, చూస్తా. తర్వాత చేయాల్సిన ఒకే ఒక్క పనిని చీటీ మీద రాసి పెట్టెలో వేస్తా. 'ఎడమ చక్రం తలుపు అంటించాలి', 'ముక్కు దగ్గర 800తో రుద్దాలి', అట్లాంటివి. నెల తర్వాత పెట్టె తెరిచినా ఎక్కడ ఆపానో వెతుక్కునే పని ఉండదు.

మీకు ఆరు నెలలైంది కాబట్టి ఇవాళ పెట్టె దించి బల్ల మీద పెట్టండి. ఇవాళ్టికి అదే పని.

ఇక అద్దం. సూపర్ గ్లూ గట్టిపడేటప్పుడు దాని ఆవిరి లేచి, చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. మూసిన కాక్‌పిట్‌లో రాత్రంతా ఉంటే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? అద్దానికే పట్టుకుంటుంది. ఇందులో మీ పనితనం తప్పేమీ లేదు, జిగురు గుణం అంత. మోడల్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి గంటో రెండు గంటలో ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లబడితే సూపర్ గ్లూ పెళుసెక్కుతుంది. సన్నటి బ్లేడు అంచును అతుకులో ఆనించి మెల్లగా తిప్పితే టిక్కుమని వదులుతుంది. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం ఇంట్లోనే ఉంది కదా అని దాని జోలికి మాత్రం పోవద్దు. అందులో అసిటోన్ ఉంటే జిగురుతో పాటు విమానం కూడా కరుగుతుంది. అద్దం బయటికొచ్చాక లోపలివైపు 2000 వాటర్ పేపర్‌తో నీళ్ళలో తేలిగ్గా రుద్ది, తెల్ల టూత్‌పేస్ట్‌ను దూది పుల్లకు అద్ది ఓపిగ్గా తిప్పుతూ పాలిష్ చేయండి. మొదట ఇంకా మసకబారినట్టు అనిపిస్తుంది, హడలిపోవద్దు. పేస్ట్ గీతల్ని పట్టేకొద్దీ తేటపడుతుంది. ఈసారి అంటించడానికి ఫెవికాల్ చాలు. ఆరాక కనబడదు, పొగ రాదు, తప్పు జరిగితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

చిట్లిన అంచుకు ఒక ఉపాయం ఉంది. మిగ్-21లో ఎంఎఫ్, బిస్ రకాలకు ఆ అద్దపు మూత కుడిపక్కకు తెరుచుకుంటుంది. తెరిచి ఉన్నట్టు పెడితే, చిట్లింది కుడివైపైతే ఆ అంచు కీలు దగ్గర దాక్కుంటుంది. విరిగిన గొట్టం (పిటో అంటారు) బదులు సన్నటి ఇంజెక్షన్ సూది కోసి పెట్టండి. ప్లాస్టిక్ దానికంటే అదే బాగుంటుంది, మళ్ళీ విరగదు. అంతకుముందు రకాల్లో మూత ముందువైపుకు లేచేది. మీ కిట్ ఏ రకందో, మూత ఎటు తెరవాలో పెట్టె మీది బొమ్మను నమ్ముకోవద్దు. అడగడానికి ఇంట్లోనే మనిషి ఉన్నారు.

మీ ఉత్తరంలో నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. మీ నాయన ఉద్యోగమంతా పాడైన విమానాలు బాగుచేసిన మనిషి. అట్లాంటాయన కంటపడకుండా పాడైన విమానాన్ని బీరువా పైన దాచారు! రెక్కల మధ్య 10 సెంటీమీటర్లు కూడా లేని వస్తువది. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు ఆయన ముందు పెట్టి, 'నాయనా, మూత ఊడింది, పిటో విరిగింది, ఏం చేద్దాం?' అని అడగండి. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి లేవకపోతే నాకు మళ్ళీ రాయండి.

కొత్త కిట్ గంటకే విసుగొస్తోందన్నారు. ప్రస్తుతానికి కొత్తది తెరవకండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. 1/48 హాకర్ హంటర్ యుద్ధవిమానం చేస్తున్నా. పోయిన నవంబరులో ముదురు ఆకుపచ్చ లాకర్ (త్వరగా ఆరే రంగు) స్ప్రే కొడితే ఆరాక పైన బూడిద పూసినట్టు తెల్లబడింది. దాని మీదే డీకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) పెట్టా. వాటి అంచుల్లో, మధ్యలో వెండిలా మెరుస్తోంది. మా ఇంట్లో అందరిదీ కలంకారీ పని. 'గీత తప్పితే గుడ్డ పోయినట్టే, నీకు ఆ ఓపిక యాడుంది' అంటుంది మా అమ్మమ్మ. ఓపిక లేనివాళ్ళు ఇది మానుకోవడం మంచిదా సార్?
(విద్యార్థిని, శ్రీకాళహస్తి)

జవాబు: నవంబరులో స్ప్రే కొట్టావా తల్లీ! కపిలతీర్థంలో ధార దూకుతోందంటే నా స్ప్రే డబ్బాలు బీరువాలోకి పోతాయి. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలిలో తేమ ఎక్కువ. లాకర్‌లోని థిన్నర్ చకచకా ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది. చల్లటి చెంబు మీద నీళ్ళు పట్టినట్టు గాలిలోని తేమ ఆ తడి రంగులోకి దిగుతుంది, తెల్లటి పొరగా మిగులుతుంది. ముదురు రంగు కాబట్టి ఇంకా బాగా కనబడింది. ఎండ కాసిన రోజు చూసుకుని, 2000 పేపర్‌తో పైపైన రుద్ది, అదే రంగు పల్చగా మంచులాగా ఇంకోసారి కొట్టు. కొత్త థిన్నర్ పాత పొరను కొంచెం మెత్తబరుస్తుంది, తేమ పోతుంది. అట్లాగని మే నెలలో మిట్టమధ్యాహ్నం కొట్టేవు సుమా. 40 డిగ్రీల ఎండలో రంగు గాలిలోనే ఎండి, విమానం మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పడుతుంది. ఆ అనుభవం నాకుంది. ఎండాకాలంలో నా స్ప్రే పని పొద్దున ఆరింటికే.

డీకాల్స్ కింద వెండి మెరుపు అంటే గాలి ఇరుక్కుందని. మ్యాట్ (మెరుపు లేని) రంగు కంటికి నున్నగా ఉన్నా భూతద్దంలో గరుకు. ఆ గరుకులో గాలి దాక్కుంటుంది. ముందు మెరిసే వార్నిష్ కొట్టి, నున్నటి అద్దంలా అయ్యాక డీకాల్ పెట్టి, అంతా అయ్యాక మ్యాట్ కొట్టడం పద్ధతి. ఇప్పుడు పెట్టినవాటిని సన్నసూదితో చాలాచోట్ల పొడిచి, డీకాల్ మెత్తబరిచే ద్రవం రాసి చూడు. అప్పటికీ లొంగకపోతే సెల్లోటేపుతో పీకేయ్. రంగు మళ్ళీ కొట్టాలంటే మాత్రం డీకాల్స్ పీకాకే మొదలుపెట్టు, వరస తిరగేయకు.

అమ్మమ్మ మాట దగ్గరికి వద్దాం. ఆమె గుడ్డ విషయంలో ఆమె మాట అక్షరాలా నిజం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరిన నల్లరంగుతో గీత పడితే అది చెరిగేది కాదు. కానీ ఆ గీతకు ముందు చింతబొగ్గుతో ఎవరు గీస్తారు? గుడ్డ నానబెట్టేది, ఆరబెట్టేది, ఉతికేది, పటిక పట్టించేది, మళ్ళీ ఉతికేది ఎన్నిసార్లు? ఆమె కలం పట్టే గంటల కంటే ఆరడం కోసం ఆగే గంటలే ఎక్కువ. నీకు ఎదురుగా ఇంతమంది రోజూ ఆగుతుంటే చూస్తూ పెరిగావు, నువ్వు వాన రోజున స్ప్రే కొట్టింది ఓపిక లేక అనుకోను. తేమ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల. ఇప్పుడు చెప్పా కదా. పైగా మన ప్లాస్టిక్‌కు అమ్మమ్మ గుడ్డకు లేని అదృష్టం ఒకటుంది. నీళ్ళ ఎక్రిలిక్ రంగైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మొదటికి రావచ్చు. నేను ఒకే విమానానికి మూడుసార్లు రంగు తీసేసి మళ్ళీ వేశా. ఈ ముక్క అమ్మమ్మకు చదివి వినిపించకు, ఇంకా లోకువైపోతాం.

ప్రశ్న: మా ఆయన మంచం కింద 23 కిట్ల పెట్టెలున్నాయి. ఏడాదిగా ఒక్కటీ పూర్తి చేసింది లేదు. మొన్న ఇంకోటి తెప్పించారు. అడిగితే 'మూడ్ రావడం లేదు' అంటారు. కొనడానికి ఎట్లా వస్తుందో మూడ్! ఏం చేయమంటారు?
(గృహిణి, రేణిగుంట)

జవాబు: అమ్మా, మా ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయలేను, మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది. మీ ఆయన్ను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. తెరవని పెట్టెలో తప్పు ఉండదు కదా, అందుకే పని ఎక్కడో బెడిసికొట్టినప్పుడు కొత్త పెట్టె కొనాలనిపిస్తుంది. నాలుగు రోజులు సంతోషంగా ఉంటుంది. ఆ 23లో సగం చేసి ఆపేసింది ఒకటి తప్పకుండా ఉంటుంది. 'ఎన్ని కొంటారు' అని అడగడం మాని, 'దీనికేమైంది' అని ఆ ఒక్కదాన్ని చూపించి అడగండి. చెప్పడం మొదలుపెడితే అరగంట వినాల్సి వస్తుంది, పొయ్యి మీద పాలు లేనప్పుడు అడగండి. ఆ సగం విమానం పూర్తయ్యేదాకా ఇరవయ్యైదోది ఇంట్లోకి రాకూడదని చెప్పే హక్కు మీకుంది. నా పేరు చెప్పి వాడుకోండి.

ప్రశ్న: తాతా, నేను తొమ్మిదో తరగతి. చక్రం ముక్క ట్వీజర్స్ నుంచి ఎగిరి పోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. విమానం ఆగిపోయింది.
(తిరుపతి)

జవాబు: రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని నేలకు ఆనించి పక్కవాటంగా వెయ్యి. చిన్న ముక్కకైనా పొడుగు నీడ పడుతుంది. ఊడ్చిన చెత్త పారేయవద్దని అమ్మకు ముందే చెప్పు. ఇక మీదట లుంగీ కట్టుకుని పనిలో కూర్చో. ముక్క జారితే ఒళ్ళోనే పడుతుంది. ప్యాంటేసుకుంటే కాళ్ళ సందునుంచి నేరుగా నేలకు పోతుంది. లుంగీ లేకపోతే ఒళ్ళో తువ్వాలు పరుచుకో. ట్వీజర్స్‌ను గట్టిగా నొక్కకు, ముక్క ఎగిరేది అందుకే.

దొరక్కపోతే విమానాన్ని ఆపవద్దు. రెండో చక్రం ఉంది కదా, దాన్ని కొలతకు పెట్టుకుని మందపాటి ప్లాస్టిక్ షీటులో గుండ్రంగా కోసి, ఆకురాయితో అంచులు గుండ్రంగా చెయ్యి. లేదా చక్రాలు లోపలికి ముడుచుకుని ఎగురుతున్నట్టు చెయ్యి, తలుపులు మూసి అంటిస్తే చాలు. చక్రం దొరికితే ఎక్కడ దొరికిందో నాకు రాయి. నా నాట్ ముందు చక్రం మూడేళ్ళ తర్వాత వంటింట్లో బియ్యం డబ్బా వెనక దొరికింది. అక్కడికి ఎట్లా పోయిందో ఇప్పటికీ తెలియదు.